దేశానికి జమానతు నిలిచిన గోవిందరాజులు

గోవిందరాజులు పోయాక ఆయన చొక్కాలు సర్దుతుంటే జేబుల్లో దొరికినవన్నీ పెన్నులే. మొత్తం పదకొండు. మామూలుగా మగవాళ్ళ జేబులో ఒక పెన్ను ఉంటుంది, అదీ రాయదు. ఈయనవి పదకొండూ రాశాయి. చేసే ఉద్యోగం చూస్తే పెన్నుతో పని లేనిది. హాంబర్గ్‌లో పెద్ద సమావేశాలు జరిగే ఒక హాల్లో మైకులు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు నడిపేవాడు. అంతా మీటలు నొక్కే పని. పెన్ను ఒక్కదానికే, ఎవరైనా అప్పు తీసుకుంటుంటే కింద జమానతు సంతకం పెట్టడానికి.

జమానతంటే పూచీకత్తు. వాడు కట్టకపోతే నేను కడతానని రాసివ్వడం. నిజామాబాదు వైపు పుట్టినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు, ఇంటికొకరు దీనివల్ల మునిగినవాళ్ళున్నారు. కానీ గోవిందరాజులు మునిగిన తీరు వేరు. ఆయన్ని ఎవరూ బతిమాలేవారు కాదు. ఒకడు అప్పడుగుతాడు. ఇచ్చేవాడు, "మధ్యల ఎవరుంటరు?" అంటాడు. అప్పుడు అక్కడున్న పదిమందీ గోడమీది క్యాలెండరు చూస్తారు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. ఆ నిమిషం ఆయనకు పడదు. కొందరికి వంకాయ పడదు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. గోవిందరాజులుకు ఆ మౌనం అట్లాంటిది. గోకినట్టుగా జేబులోకి చెయ్యి పోయేది.

అట్లా ఒక బావమరిది స్కూటరుకు, ఒక పంతులుగారి బోరుబావికి, ఆఖరికి చిన్ననాటి స్నేహితుడు శశికాంత్ కోళ్ళఫారానికి సంతకాలు పెట్టాడు. శశికాంత్ కోళ్ళు ఒక వారం రోగమొచ్చి పైకి పోయాయి. మరుసటి వారం శశికాంత్ దుబాయి పోయాడు. బ్యాంకువాళ్ళు రెండింటినీ పట్టుకోలేక గోవిందరాజులును పట్టుకున్నారు. ఆయన భార్య ఊర్మిళకు పుట్టింటివాళ్ళిచ్చిన రెండువందల గజాల జాగా అట్లా పోయింది. ఆ జాగాలో ఊర్మిళ అప్పటికే మనసులో ఇల్లు కట్టేసి ఉంది. వంటింటికి కిటికీ ఎటువైపు ఉండాలో, పొయ్యి దగ్గర నిలబడితే ఏం కనబడాలో అన్నీ అనుకుని పెట్టుకుంది. ఆ తర్వాత అద్దెకున్న ఆరిళ్ళలో ఏ వంటింటికీ కిటికీ లేదు. దేవుడు కావాలని వెతికిచ్చినట్టుండేది.

జర్మనీ వచ్చేటప్పుడు ఆమె ఒకందుకు సంతోషపడింది. ఈ దేశంలో మనవాళ్ళెవరూ లేరు, ఈయనను సంతకం ఎవరడుగుతారు? ఆ సంతోషం ఒక్క చలికాలం నిలిచింది. చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు ఇక్కడ గది కావాలంటే, ఇంటివాళ్ళు అద్దెకు పూచీ అడుగుతారు. దాన్ని బ్యుర్గ్‌షాఫ్ట్ అంటారు. పలకడానికి నోరు తిరగదు గానీ సంగతి పాత జమానతే, కోటు తొడుక్కుని వచ్చింది, అంతే. కాట్‌బస్‌లో ఒక పిల్లవాడికి పెట్టాడు, ఫ్రైబర్గ్‌లో ఇద్దరికి పెట్టాడు. "హాంబర్గ్ అంకుల్ ఉన్నడు, ఫోన్ చెయ్" అని విమానం దిగకముందే పిల్లలు చెప్పుకునేవారట.

వాళ్ళలో చాలామంది బుద్ధిమంతులే. కాట్‌బస్‌లో విక్రాంత్ అనేవాడొక్కడు మూడు నెలల అద్దె ఎగ్గొట్టి, పోతూ పోతూ చేతులు కడుక్కునే సింకు కూడా పగలగొట్టి మాయమయ్యాడు. అద్దె, సింకు రెండూ గోవిందరాజులు ఖాతాలోంచి పోయాయి. ఆరోజు ఊర్మిళ అరవలేదు, ఏడవలేదు. పదిహేనేళ్ళ కూతురు ఈషాను పిలిచి సోఫాలో కూర్చోబెట్టి, ఆయన చెయ్యి తీసి పిల్ల నెత్తిమీద పెట్టింది.

"ఇంకొకరి అప్పు కింద సంతకం పెట్టనని ఒట్టెయ్యుండ్రి."

ఆయన వేశాడు. ఈషా ఫోను చూసుకుంటూనే, "వై మై హెడ్?" అని అడిగింది. 

ఒట్టు నిలిచింది. రెండేళ్ళు నిలిచింది. ఆ రెండేళ్ళలో ఊర్మిళ కూడబెట్టి, వెతికి వెతికి, ఊరి చివర హార్‌బుర్గ్ వైపు ఒక చిన్న ఇల్లు చూసింది. వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఇళ్ళలో చివరిది. వంటింటికి కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే పక్కవాళ్ళ చెత్తడబ్బాలు కనిపిస్తాయి, అయినా కిటికీ కిటికీయే. బ్యాంకు అప్పిస్తేగానీ కొనలేరు. గురువారం పొద్దున తొమ్మిదింటికి బ్యాంకులో టెర్మిన్, అంటే వచ్చి కలవమని ఇచ్చే సమయం, దొరికింది. అమ్మేవాళ్ళు శుక్రవారం దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత ఇంకొకళ్ళు కాచుకుని ఉన్నారు. బ్యాంకాయన ఫోనులో ముందే చెప్పాడు, జీతం సరిపోతుంది, కాగితాలు సరిగానే ఉన్నాయి, ఒక్కటే, ఎవరి అప్పుకూ పూచీ ఉండకూడదని. ఊర్మిళ ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసింది. "ఒక్కటి గూడ లేదు" అని ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. అది నిజమే. అది సోమవారం.

మంగళవారం హాల్లో పెద్ద సమావేశం మొదలైంది. కొండల నడుమ ఉన్న ఒక చిన్న దేశం. నాలుగేళ్ళ యుద్ధం పోయినేడు ఆగింది. దేశం పేరు ఇక్కడ రాయడం లేదు, అప్పడిగినవాళ్ళ పేరు నలుగురిలో చెప్పడం మర్యాద కాదు. మూడు పట్టణాల్లో నీళ్ళ పంపులు, కరెంటు తీగలు మళ్ళీ వేసుకోవాలి. అందుకు ఎనభై కోట్ల యూరోల అప్పు అడగడానికి ఆ దేశపు ఆర్థికమంత్రి ఇద్దరు గుమాస్తాలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇచ్చేవాళ్ళు నాలుగు దేశాలవాళ్ళు, ఏడు బ్యాంకులవాళ్ళు, గుర్రపునాడా ఆకారంలో వేసిన బల్లల చుట్టూ కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు కూర్చున్నట్టే. మంత్రి ఒక్కడే మధ్యలో కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచి కోటే, కాకపోతే భుజాలు ఇంకెవరి కొలతకో కుట్టినట్టున్నాయి. యుద్ధంలో మనిషి చిక్కిపోయి ఉంటాడు.

గోవిందరాజులు హాలు వెనక అద్దాల గదిలో ఉంటాడు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా, మాటలు తిరగేసేవాళ్ళు పక్క గదుల్లోంచి జర్మన్లోకి, ఇంగ్లీషులోకి, ఫ్రెంచిలోకి, వచ్చినవాళ్ళ భాషలోకి చెబుతుంటారు. ఆ మాటలు ఎవరి చెవికి పోవాల్సినవి వాళ్ళ చెవికి పంపడం ఆయన పని. అందుకని పొద్దంతా హెడ్‌ఫోను తియ్యడానికి లేదు. పదేళ్ళలో ఉక్కు గురించి, చేపల గురించి, ఓడల బీమా గురించి ఎన్నో విన్నాడు, ఏదీ తలకెక్కలేదు. ఇది మాత్రం ఎక్కింది. ఒక మనిషి అప్పడుగుతున్నాడు. అదీ నేరుగా తన చెవిలో అడుగుతున్నాడు.

మంగళవారమంతా కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడట.

బుధవారం మధ్యాహ్నం అప్పిచ్చేవాళ్ళ పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పంపుల లెక్కలు బాగున్నాయన్నాడు. తీగల లెక్కలు కూడా బాగున్నాయన్నాడు. ఇంత బాగున్నాయంటున్నాడంటే ఇవ్వడన్నమాటే. ఆపైన అసలు మాట చెప్పాడు. పూచీ లేకుండా ఇంత అప్పు కదలదు. ఏ దేశమైనా సరే, ఏ బ్యాంకైనా సరే, ఈ హాల్లో వీళ్ళకు పూచీ నిలబడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన నీళ్ళ సీసా మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. ఒకామె పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. క్యాలెండరు లేదు గానీ, ఉంటే పదకొండు జతల కళ్ళూ దానిమీదే ఉండేవి. మంత్రి తలెత్తి ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చాడు, చివరిదాకా వచ్చి మళ్ళీ తల దించుకున్నాడు.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. అరనిమిషం దాటి హెడ్‌ఫోన్లలో చప్పుడు లేకపోతే లైను పోయిందేమోనని అద్దాల గదిలో మనిషి తన మైకు మీట నొక్కి ఒకటి, రెండు, మూడు అని చూడాలి. అరనిమిషం దాటింది. ముప్పావు నిమిషం దాటింది. గోవిందరాజులుకు మెడ మీద దద్దుర్లు లేస్తున్నట్టుంది. పద్ధతి ప్రకారం మీట నొక్కాడు. ఒకటి, రెండు అనాల్సిన నోరు ముందు తెలుగులో, "నేనున్న జమానతు" అన్నది. తెలుగు వీళ్ళకు తెలియదు కదా అని, అదే మాట విడమర్చి ఇంగ్లీషులో కూడా చెప్పింది. వాళ్ళ అప్పుకు నేను పూచీ ఉంటాను.

మాటలు తిరగేసేవాళ్ళు మంచి పనివాళ్ళు. చెవిలో పడింది పడ్డట్టు అనేస్తారు, ఎవరన్నారని చూసుకోరు. అరక్షణంలో ఆ మాట జర్మన్లో, ఫ్రెంచిలో, మంత్రిగారి భాషలో హాలంతా వినబడింది. మంత్రి లేచి నిలబడ్డాడు. పదకొండుమంది ఒకరినొకరు చూసుకున్నారు, మనలో ఎవడీ పిచ్చివాడు అన్నట్టు. చివరికి అందరూ వెనక్కి తిరిగి అద్దాల గది వైపు చూశారు. గోవిందరాజులు హెడ్‌ఫోనుతో సహా లేచి నమస్కారం పెట్టాడు.

ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. కాఫీకి లేచారు.

నవ్వనిది ఫ్రౌ బ్రాంట్ ఒక్కతే. సమావేశంలో అన్న ప్రతి మాటా రాసిపెట్టే ఉద్యోగం ఆమెది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఒక తుమ్ము కూడా వదలలేదని చెప్పుకుంటారు. కాఫీ చల్లారకముందే ఒక కాగితం పట్టుకుని అద్దాల గదికొచ్చింది. మైకులో అన్నది రికార్డులో పడిందనీ, రికార్డులో పడినదాన్ని తాను చెరపలేననీ, మీరు దాన్ని ఖాయం చేస్తూనో, వెనక్కి తీసుకుంటూనో సంతకం పెట్టాలనీ చెప్పింది. గురువారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు. ఆయన ఇదంతా ఏదో పొరపాటున జరిగిందన్నాడు. పొరపాటుకు వేరే గడి లేదని ఆమె కాగితం చూపించింది. ఆయన పెట్టాల్సిన చోట రెండే గడులున్నాయి.

ఆమె వెళ్ళాక మంత్రి వచ్చాడు. చేతిలో ఒక బిస్కెట్టు, అది తినాలో వద్దో తెలియనట్టు పట్టుకున్నాడు. కాసేపు ఈయన్ని కింది నుంచి పైకి చూసి, ఇంగ్లీషులో, మీకు ఆస్తి ఎంత ఉందని అడిగాడు. గోవిందరాజులు దాచలేదు. ఒక కారు ఉంది, దానిమీద కూడా అప్పే అన్నాడు. మంత్రి రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"రెండు రోజులుగా లెక్కలు చూపిస్తున్నాను. ఉంటానన్నది మీరొక్కరే. పేరు రాసుకోనా?" అన్నాడు.

గోవిందరాజులు పేరు చెప్పాడు. రాసుకోవడానికి పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఊర్మిళ బ్యాంకుకు పోయే చొక్కా ఇస్త్రీ చేస్తూ మొగుడికి పాఠం చెప్పింది. అడిగినదానికే జవాబు చెప్పాలి. అడగనిదానికి చెప్పకూడదు. వాతావరణం బాగుందంటే బాగుందనాలి, ఎందుకు బాగుందో చెప్పకూడదు. జీతం చీటీలు ఎర్ర అట్టలో ఉన్నాయి, ఇంటి చిరునామా నమోదు చేసిన అన్మెల్డుంగ్ కాగితం పచ్చ అట్టలో ఉంది. ఆయన అన్నిటికీ తలూపాడు. అన్నంలోకి కాకరకాయ కూర చేసింది. మామూలుగా దాన్ని పళ్ళెం అంచున పెట్టి, ఇది ఎవరు కనిపెట్టిన్రో అని గొణుగుతాడు. ఆరోజు మొత్తం తిని ఇంకొంచెం వేసుకున్నాడు.

ఊర్మిళ గరిటె పట్టుకుని అట్లాగే చూసింది. ఇరవై ఆరేళ్ళ సంసారం. కాకరకాయ రెండోసారి వేసుకున్నాడంటే ఏదో చేసి వచ్చాడు.

"ఏమైంది?" అని అడిగింది.

"ఏం గాలేదు. కూర మంచిగున్నది."

అబద్ధం చెప్పడం చేతకానివాడు కూరను పొగిడితే ఎంత అనుమానం రావాలో అంత వచ్చింది. కానీ పొద్దున టెర్మిన్ ఉంది. ఇప్పుడు కదిలిస్తే ఏం బయటపడుతుందోనని ఆమె ఊరుకుంది. కొన్ని మూతలు వంటయ్యాకే తీయాలి.

గురువారం తొమ్మిదింటికి బ్యాంకులో కూర్చున్నారు. బ్యాంకాయన కుర్రవాడు, మర్యాదస్తుడు, బల్లమీద కాగితాలు కూడా కొలబద్ద పెట్టినట్టు సర్దుకున్నాడు. వాతావరణం గురించి ఒక మాట అన్నాడు, గోవిందరాజులు అవునన్నాడు. ఎర్ర అట్ట చూశాడు, పచ్చ అట్ట చూశాడు. కంప్యూటరులో ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చాడు. ఊర్మిళ మనసులో కిటికీకి పరదా కూడా కుట్టేసింది. అప్పుడు బ్యాంకాయన తలెత్తకుండానే, ఎవరి అప్పుకైనా పూచీ ఉన్నారా అని అడిగాడు.

గోవిందరాజులు గోడవైపు చూశాడు. అక్కడ క్యాలెండరు ఉంది. అయినా ఎక్కువసేపు చూడలేకపోయాడు.

"ఒకటుంది" అన్నాడు.

ఊర్మిళ మెడ నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది.

"ఎవరికి?" అన్నాడు బ్యాంకాయన.

"ఒక దేశానికి."

"ఒక దేశంలో ఉండే మనిషికా?"

"కాదు. దేశానికే."

బ్యాంకాయన మొహంలో ఏమీ కదల్లేదు. ఎంత మొత్తం అని అడిగాడు. గోవిందరాజులు చెప్పాడు. బ్యాంకాయన అంకెలు కొట్టడం మొదలుపెట్టాడు, ఎనిమిది, సున్నా, సున్నా. ఏడో అంకె తర్వాత గడి నిండిపోయింది. మళ్ళీ మొదటినుంచీ కొట్టాడు. మళ్ళీ నిండింది. లేచి పక్కగదికి పోయి, ఇంతకంటే పొడుగు గడి ఉన్న ఫారం ఎక్కడైనా ఉందా అని ఎవరినో అడగడం వీళ్ళకు వినిపించింది. లేదని చెప్పినట్టున్నారు. తిరిగొచ్చి, సంతకం అయిందా అన్నాడు. ఇంకా కాలేదు, పన్నెండు దాకా గడువుంది అని గోవిందరాజులు కాగితం తీసి చూపించాడు. బ్యాంకాయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఈ పూచీ లేదని తేలిస్తే ఈరోజే మీ ఫైలు పైకి పంపుతాను, తేలకపోతే పంపడం కుదరదు అన్నాడు. అని, పాపం, మీకు నా శుభాకాంక్షలు అని కూడా అన్నాడు. ఏ విషయానికో ఆయనకే తెలియాలి.

రైలెక్కారు. బయట వాన అడ్డంగా కొడుతోంది. ఆయన జరిగిందంతా చెప్పాడు. మీట నొక్కడం, నోరు జారడం, మంత్రి కోటు భుజాలు, అన్నీ. నాలుగో స్టేషన్లో తలుపులు మూసుకున్నాక ఆమె అన్నది.

"మొదలు స్కూటరు, తర్వాత కోళ్ళు, ఇప్పుడు దేశం. మంచిగనే పెద్దగైన్రు."

"వెనక్కి తీసుకుంట" అన్నాడు.

"నా ముంగట తీసుకోవాలె."

అందుకే ఇద్దరూ కలిసి హాలుకు వెళ్ళారు. పదకొండున్నర అయింది. లోపల సమావేశం నడుస్తోంది. బయట వరండాలో ఫ్రౌ బ్రాంట్ తన చిన్న బల్ల దగ్గర కూర్చుని ఉంది. గోవిందరాజులు కాగితం బల్లమీద పెట్టి పెన్ను తీశాడు. వెనక్కి తీసుకుంటున్నాను అన్న గడి దగ్గర పెన్ను ఆనించాడు.

చెయ్యి కదల్లేదు.

బావమరిది స్కూటరుకు కదిలిన చెయ్యి, శశికాంత్ కోళ్ళకు కదిలిన చెయ్యి, నలభై కాగితాల మీద వద్దంటే కదిలిన చెయ్యి, ఇప్పుడు కదలమంటే కదల్లేదు. ఉంటానన్న మాటను లేనని రాయడం ఆయనకు ఎప్పుడూ పడలేదు, అలవాటు లేదు. పక్కన ఊర్మిళ గోడ గడియారం చూస్తోంది. ఆయన ఇంకొంచెంసేపు గడపడానికి ఇంకేం చేయాలో తోచక, జన్మలో ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాడు. సంతకం పెట్టే కాగితం చదివాడు.

పైనుంచి మొదలుపెట్టి వేలు పెట్టుకుని చదివాడు. ఒకటో నిబంధన, రెండో నిబంధన. ఏడో నిబంధన దగ్గర వేలు ఆగింది. మళ్ళీ చదివాడు. ఫ్రౌ బ్రాంట్‌ను ఒక మాట అర్థం అడిగాడు. ఆ తర్వాత కాగితం తిప్పి ఊర్మిళ ముందు పెట్టాడు.

"ఇది నీది" అన్నాడు.

"నాదేంది?"

"పూచీ ఉండేది ఒక మనిషైతే, ఇంట్ల ఉన్న జోడీ మనిషి ఒప్పుకోవాల్నట. ఒప్పుకోకుంటే ఇది చెల్లదట. వెనక్కి తీసుకునుడు గూడ అక్కర్లేదట."

ఊర్మిళ ఫ్రౌ బ్రాంట్ వైపు చూసింది. ఆమె అవునని తలూపి, ఏడో నిబంధన కింద విడిగా ఉన్న గడులు చూపించింది. ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడం లేదు. కింద ఊర్మిళ సంతకానికి చోటు.

ఇరవై ఆరేళ్ళలో ఆయన పెట్టిన ఏ సంతకానికీ ఎవరూ ఆమెను అడగలేదు. ఆ రెండువందల గజాలకూ ఆమె సంతకం పెట్టింది గానీ, అది పోయాక, పోయిందని పెట్టింది. ఇంట్ల అడిగి చెప్త అని ఒక్క ముక్క అనుండ్రి, నామీద తోసెయ్యుండ్రి అని ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. ఆయనకు ఆ మాట నోటికి రాలేదు. ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని బ్యాంకువాళ్ళు ఆమెకోసం గడి గీసి పెట్టారు. ఆమె కాగితాన్ని ఇంకోసారి చదివించుకుంది. మొదటిసారే అర్థమైంది, అయినా చదివించుకుంది.

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుని మంత్రి బయటికి వచ్చాడు. ఐదు నిమిషాల విరామం ఇచ్చారట. గోవిందరాజులును చూసి దగ్గరికొచ్చి, పక్కనున్నామె ఎవరో గ్రహించి తల వంచాడు. మీ ఆయన వెనక్కి తీసుకోవాలమ్మా, నేనే చెబుదామనుకుంటున్నాను అన్నాడు. ఊర్మిళకు ఇంగ్లీషు కొంచెం వచ్చు. మీ ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళెక్కడినుంచి తెచ్చుకుంటున్నారని అడిగింది.

మూడు రోజుల్లో మంత్రిని ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన లెక్కలు చెప్పలేదు. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుందన్నాడు, లిఫ్టులు నడవవు కాబట్టి ఐదో అంతస్తుకు మోసుకుపోతారన్నాడు. మా ఆవిడ నాలుగో అంతస్తు అని చిన్నగా చేర్చాడు.

ఊర్మిళ చాలాసేపు కాగితం వైపు చూసింది. ఆమె పెన్నందుకుని ఒప్పుకోవడం లేదు అన్నచోట గీత పెట్టి, కింద తెలుగులో, గుండ్రంగా, ఒక్కొక్క అక్షరం నిలబెట్టి పేరు రాసింది. ఫ్రౌ బ్రాంట్ ముద్ర వేసి ఒక ప్రతి ఇచ్చింది.

"నాకైతే అభ్యంతరం లేదు సార్" అన్నాడు గోవిందరాజులు మంత్రితో, జన్మలో మొదటిసారి. "ఇంట్ల ఒప్పుకుంటలేరు."

మంత్రి ఆయన మొహం చూశాడు. ఊర్మిళ మొహం చూశాడు. ఏదో కొత్త పనిముట్టు చేతికొచ్చినవాడిలా ఆ మాటను తన భాషలో తనలో తాను ఒకసారి అనుకున్నాడు. లోపల గంట మోగింది.

ఆఖరి బైఠకులో ఊర్మిళ అద్దాల గదిలో స్టూలు మీద కూర్చుంది. గోవిందరాజులు ఆమె చెవులకు ఒక హెడ్‌ఫోను పెట్టాడు. అప్పిచ్చేవాళ్ళ పెద్ద, పూచీ లేదు కనుక షరతులు చదివాడు. వడ్డీ ఇంత. రైళ్ళ రాబడి మా చేతిలో. నీళ్ళకు ప్రజల దగ్గర వసూలు చేసేది రెండింతలు. ఇప్పుడే సంతకం పెడితే ఇప్పుడే అప్పు. మంత్రి తలూపుతూ అంతా విన్నాడు. రెండు రోజులుగా ఇట్లాంటి ప్రతిదానికీ వాదించిన మనిషి ఈసారి వాదించలేదు. నాకైతే ఏ అభ్యంతరమూ లేదన్నాడు. కాకపోతే మా ఇంట్లో అడగాలి, మా పార్లమెంటు ఒప్పుకోదు, రెండింతలు అన్న చోట అసలే ఒప్పుకోదు. వాళ్ళ సంతకం లేకుండా నాది చెల్లదు, ఏం చేయమంటారు.

పెద్దాయన ఇటు చూశాడు, అటు చూశాడు. మంత్రితోనైతే పోట్లాడవచ్చు. ఇంట్లో ఉన్నవాళ్ళతో ఎవరు పోట్లాడతారు? గంటన్నర గుసగుసలయ్యాక నీళ్ళ షరతు తీసేశారు. రైళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఎనభై కోట్లకు బదులు ముప్పై కోట్లు ముందు ఇస్తామన్నారు, మిగిలింది వచ్చే ఏడు. మంత్రి, ఇంట్లో అడిగి చెబుతానన్నాడు.

ఆ మూడు రోజుల రికార్డు తర్వాత అచ్చయింది. గోవిందరాజులు ఒక ప్రతి తెచ్చుకున్నాడు. నూటపద్నాలుగో పేజీలో ఉంది. పూచీకి ముందుకు వచ్చినవారు ఒకరు, భార్య అంగీకరించలేదు.

ముద్ర వేసిన కాగితం ఆ గురువారమే మూడింటికల్లా బ్యాంకుకు చేరింది. బ్యాంకాయన దాన్ని చూసి ఇప్పుడు సరిపోయిందన్నాడు, ఫైలు పైకి పంపాడు. తిరిగి వచ్చేటప్పుడు రైలు ఖాళీగా ఉంది. గోవిందరాజులు అడిగాడు.

"నిజంగనే ఇష్టం లేకనే పెట్టినవా?"

"ఇష్టం లేకనేం? ఉండె." ఊర్మిళ సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "నాలుగో అంతస్తు అన్నప్పుడు చెయ్యి ఒప్పుకునే గడి దిక్కే వచ్చింది. మీతోటి ఇన్నేండ్లుంటే అంటుకోదా?"

"మరి?"

"మరి ఇద్దరికిద్దరం మంచోళ్ళమైతే ఉండేదెక్కడ?"

స్టేషన్ వచ్చింది. ఆమె ముందు దిగింది, ఆయన గొడుగు తెరిచి వెనక దిగాడు.